‘రంగు చేతులు, అంతే’

2023 వానాకాలం. కోవిడ్ వార్డు ఎత్తేసి ఆ గదిలో మళ్లీ మామూలు జ్వరాల మంచాలు వేసుకున్నాక నేను ధర్మవరంలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఆసుపత్రి పేరు చెప్పను, ఈ కథకు దానితో పని లేదు. నేను పుట్టింది, నర్సింగ్ చదివింది హిందూపురంలో. పెళ్లయ్యాక కాపురం పెనుకొండలో. అక్కడ పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి ధర్మవరంలో దిగేదాన్ని. రైల్లో నా చుట్టూ అందరూ పట్టు గురించే మాట్లాడుకునేవాళ్లు. డ్యూటీ ఎక్కకముందే నాకు ఆ రోజు జరీ ధర తెలిసిపోయేది.

ధర్మవరం అనగానే ఎవరికైనా పట్టుచీర గుర్తొస్తుంది. మాకు చేతులు గుర్తొస్తాయి. పట్టుదారానికి రంగు అద్దేవాళ్లు పొద్దస్తమానం వేడి రంగునీళ్లలో దారం ముంచి తీస్తుంటారు. వాళ్ల గోళ్లు ఒక వారం నీలంగా, ఒక వారం కుంకుమ రంగులో ఉంటాయి. స్పిరిట్ పెట్టి రుద్దినా ఆ రంగు వదలదు.

దీనివల్ల మాకొక చిక్కు. పల్స్ ఆక్సీమీటర్ అని వేలికి తగిలించే క్లిప్పు ఒకటుంది, కోవిడ్ పుణ్యమా అని ఇంటింటికీ తెలిసిందే. అది వేలిలోంచి వెలుతురు పంపి, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో అంకెలో చూపిస్తుంది. ఆ అంకెను శాచురేషన్ అంటాం. తొంభై అయిదు దాటి ఉంటే నిమ్మళం, తొంభైకి దిగిందంటే పరుగు పెట్టాల్సిందే. అయితే గోటి మీద ముదురు రంగు ఉంటే వెలుతురు సరిగా దాటదు. ఉన్నదానికంటే తక్కువ అంకె చూపించవచ్చు.

అందుకే మా కాజువాలిటీలో, అంటే అత్యవసరంగా వచ్చినవాళ్లను చూసే గదిలో, ఒక మాట పాతుకుపోయింది. రంగు పనివాళ్లకు ఎంత తక్కువ అంకె వచ్చినా “రంగు చేతులు, అంతే” అనేవాళ్లు. కొత్తగా చేరిన నాకూ మొదటి వారమే ఆ పాఠం చెప్పారు.

ఒక రోజు మధ్యాహ్నం ఆదెప్ప అనే రంగుపని ఆయన, ఆయన భార్య నాగరత్నమ్మ వచ్చారు. మూడు రోజులుగా జ్వరం, దగ్గు. అనిత అనే చిన్న నర్సు క్లిప్పు పెట్టింది. ఎనభై రెండు. గోళ్లు చూస్తే నేరేడుపండు రంగు. “రంగు చేతులు, అంతే” అని, డాక్టర్ గారు వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చోమంది. వాళ్ల వెనకే ఒక చీరల షావుకారు ఆయాసంతో వచ్చాడు. ఆయనకు తొంభై రెండు. వెంటనే మంచం, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఆయనకు ఇచ్చింది తప్పేమీ కాదు, అవసరమైందే ఇచ్చారు.

నేను ఏదో పనిమీద వార్డు నుంచి కిందికి దిగుతుంటే నాగరత్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“సిస్టరమ్మా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవాకు. ఆయప్పకి తొంభై రొండు వస్తే మంచమిచ్చినారు. మా ఇంటాయనకి ఎనభై రొండు వస్తే బల్ల మింద కూసోబెట్టినారు. ఇదేం న్యాయమమ్మా?”

“రంగు వల్ల మిషను తక్కువ చూపిస్తుందమ్మా” అన్నాను, నాకు చెప్పిన పాఠమే.

“రంగు వేళ్లకి ఉండాది గానీ, ఊపిరికి ఉండాదా? నువ్వొకసారి మనిషిని చూడు తల్లీ!”

నాకు ముక్కు మీద కోపం, మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆమె చెప్పినట్టే చేశాను. ఆదెప్ప దగ్గరికి వెళ్లి, “ఏమన్నా, ఎట్లుండాది?” అని అడిగాను.

“బాగనే... ఉండా... సిస్టరమ్మా... రొంత... ఆయాసం...” 

అయిదు మాటలకు అయిదుసార్లు ఊపిరి తీసుకున్నాడు. మాట పూర్తి చేయలేని మనిషిని బల్ల మీద కూర్చోబెట్టకూడదు. దానికి ఏ మిషనూ అక్కర్లేదు. డాక్టర్ గారికి కబురు పెట్టమని అనితకు చెప్పి, ఆపరేషన్ థియేటర్‌కు పరిగెత్తాను. చెవి తమ్మెకు పెట్టే క్లిప్పు ఆసుపత్రి మొత్తానికి అక్కడొక్కటే ఉండేది.

థియేటర్ అటెండరు అడ్డం నిలబడ్డాడు. “ఈడి సామాను బయటికి ఇయ్యకూడదు సిస్టర్.”

“నీ థియేటర్‌ని నేనేం మూటగట్టుకుని పోనులే, ఇయ్యప్పా! ఆడ మనిషి పోతాండాడు!” అని లాక్కుని వచ్చాను.

చెవి తమ్మెకు ఏ రంగూ లేదు. క్లిప్పు పెట్టి చూస్తే ఎనభై ఒకటి. ఆ వేళ్లు వచ్చినప్పటి నుంచి నిజమే చెబుతున్నాయి, మేమే వినలేదు. చక్రాల కుర్చీ, ఆక్సిజన్, డాక్టర్ గారు, ఎక్స్‌రే అన్నీ ఒకదాని వెంట ఒకటి కదిలాయి. రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా పట్టింది. ఇంకాసేపు అట్లాగే బల్ల మీద ఉంటే చేయిదాటిపోయేదని డాక్టర్ గారు అన్నప్పుడు అనిత గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆదెప్ప బతుకు దినదినగండంగానే గడిచింది. నాగరత్నమ్మ వరండా విడిచి కదల్లేదు. నేను కనిపిస్తే చాలు “ఇప్పుడెంత చూపిస్తాండాది?” అని అడిగేది. అంకె ఒక్కటి పెరిగినా ఆమె ముఖం విప్పారేది. 

ఇక్కడ నేను చెప్పాలనుకున్న మనిషి వస్తుంది. కమలమ్మ సిస్టర్, మా నర్సులందరికీ పెద్ద, సిస్టర్ ఇన్‌ఛార్జ్. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఆదివారం చర్చికి వెళ్లినా సంచిలో థర్మామీటరు ఉంటుందని మేం నవ్వుకునేవాళ్లం. ఆమె అరిస్తే కాంపౌండు బయట టీ కొట్టు దాకా వినిపించేది. ఆదెప్ప సంగతి మీద మేనేజర్ మీటింగ్ పెట్టాడు. అనితను పని నుంచి తీసేస్తే సంగతి అంతటితో సద్దుమణుగుతుందని ఆయన ఆలోచన. అనిత తల వంచుకుని నిలబడింది. కమలమ్మ ఆ పిల్లను చీల్చి చెండాడుతుందని మేం బిక్కచచ్చిపోయి చూస్తున్నాం.

కమలమ్మ లేచి నిలబడి, “ఆ పిల్లని తీసేస్తే రంగు చేతుల మాట పోతాదా సార్? ఆ మాట నేర్పించింది నేను” అంది.

అందరం నోరు తెరిచాం. ఆమె చెప్పుకుంటూ పోయింది. కోవిడ్ రోజుల్లో రంగుపని వాళ్లకు క్లిప్పు పెడితే తక్కువ చూపించేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కూడా అంబులెన్సు ఎక్కించి అనంతపురం పంపేవాళ్లు. వాళ్లు ప్రాణభయంతో పోయి, ఏమీ లేదనిపించుకుని తిరిగొచ్చేవాళ్లు. ఆ గోస చూడలేక, రంగు చేతులకు భయపడొద్దని ఆమే అందరికీ చెప్పింది. 

“వాళ్ల మేలు కోరే చెప్పినా. అదే వాళ్ల కొంప ముంచేదయ్యింది. నేర్పింది నేనే, మాన్పించేదీ నేనే” అంది.

మేనేజర్ గొంతు తగ్గించాడు. “కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది సిస్టర్. ఇవన్నీ బయటికి చెప్పుకుంటామా?”

“పడనీ సార్. మనిషి పోయేదానికంటే అది నయం కదా.”

అనిత ఉద్యోగం నిలిచింది. అంతటితో ఆగితే అది కమలమ్మ కాదు. మీటింగ్ నుంచి నేరుగా వరండాలోకి వెళ్లి, నాగరత్నమ్మ పక్కన కూర్చుని, “తప్పు మాదమ్మా. మీ ఆయన్ని మొదట్లోనే చూడాల్సింది, చూడలేదు” అని చెప్పింది. నా సర్వీసులో ఒక ఆసుపత్రి మనిషి పేషెంట్ మనిషితో అంత సూటిగా చెప్పడం అదే మొదటిసారి చూశాను. నాగరత్నమ్మ ఆమె వైపు తిరిగి, “నువ్వు చెప్పినావు కాబట్టి సరిపాయ. దాచిపెట్టింటే మా వీధిలో ఒక్కరిని గూడా ఈడికి రానిచ్చేదాన్ని కాదు” అంది. ఇద్దరూ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, దాచేదేముంది!

వారం తిరక్కముందే కమలమ్మ మేనేజర్‌తో పోరుపెట్టి కాజువాలిటీకి చెవి క్లిప్పు తెప్పించింది. ఎవరి చేతులు ఎట్లా ఉన్నా, తక్కువ అంకె వస్తే ముందు తక్కువే అనుకోవాలి, చెవికి పెట్టి చూడాలి, మాట్లాడించి చూడాలి, రంగు వల్ల అని తేలాకే నిమ్మళించాలి. ఇదీ ఆమె పెట్టిన పద్ధతి. షావుకారుకైనా, రంగుపని ఆయనకైనా అదే. తీరిక దొరికినప్పుడు రంగు కార్ఖానాలకు కూడా పోయి, “చెవికి పెట్టమని మీరే అడగండప్పా, సిగ్గుపడొద్దండి. మేం మరిస్తే గట్టిగా అడగండి” అని చెప్పి వచ్చేది. నేనూ ఒకసారి వెంట వెళ్లాను. అప్పటికి ఆదెప్ప కోలుకుని పనిలోకి వచ్చేశాడు. మమ్మల్ని చూసి ఒక్క గుక్కలో, ఎక్కడా ఆగకుండా, “రాండి సిస్టరమ్మా, కాఫీ తాగి పోదురు గానీ!” అన్నాడు. ఆ మాట అంత సాఫీగా వినిపించినందుకు కమలమ్మ నా భుజం గట్టిగా నొక్కింది.

కమలమ్మ రిటైరయింది. నేనూ హిందూపురంలో ఇంకో ఆసుపత్రికి మారాను. ఇక్కడ రంగు చేతులు లేవు కదా అనుకున్నాను. ఈ మధ్య చిలమత్తూరు వైపు నుంచి ఒకతను దగ్గుతో వచ్చాడు. బెంగళూరులో సిమెంటు పని. చీటీ రాస్తున్న కొత్త నర్సు తల ఎత్తకుండానే, “సిమెంటు పనివాళ్లు సిస్టర్, వీళ్లకి దగ్గు అంతే” అంది.

అంతే! ఆ మాట వినగానే చేతిలో పని పక్కన పెట్టాను. ఊరు మారింది, పని మారింది, ‘అంతే’ మాత్రం నాకంటే ముందే రైలెక్కి వచ్చి ఇక్కడ కూర్చుంది. నేను కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను. మాట్లాడించాను, క్లిప్పు పెట్టాను, డాక్టర్ గారిని పిలిచి గుండెల మీద స్టెతస్కోపు పెట్టించాను. అంకె తొంభై ఏడు, ఊపిరి శుభ్రంగా ఉంది. మామూలు దగ్గే.

ఆ పిల్ల నవ్వింది. “నేను చెప్పలేదా సిస్టర్?”

“చెప్పినావమ్మా” అన్నాను. “చూసినాం కాబట్టి తెలిసింది.”