నవ్వుతూ మోసుకెళ్లిన మాట

పోయిన వారం మా వీధిలో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. వంట నాదే. వ్రతం ప్రసాదం చేయడం పెద్ద విద్యేమీ కాదు. రవ్వ, చక్కెర, పాలు, అరటిపండ్లు, నెయ్యి దగ్గర వణకని చెయ్యి ఉంటే చాలు. గిన్నె దించి, పూజ గదిలోకి పంపే ముందు, ఒక చిన్న స్టీలు డబ్బాలోకి నాలుగు గరిటెలు తీసి, మూత పెట్టి కిటికీలో పెట్టాను. ఆ ఇంటి కోడలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "దేవునికి పెట్టకముందే తీస్తున్నవేంది కాకా? ఎవరికి గది?" అన్నది. నేను డబ్బా మూత మళ్లీ నొక్కాను. ఆ డబ్బా మా మేనత్తది. ఆమె పోయి రెండేళ్లు దాటింది. నాకు తెలుసు గానీ, నా చేతికి ఇంకా కబురు అందినట్టు లేదు.

మేనత్త మా బాపుకు చెల్లెలు. కోస్గిలోనే, మాకు నాలుగిళ్ల అవతల ఉండేది. మా మామకు కడుపులో ఏదో జబ్బు చేసి, ఊళ్లో వైద్యాలన్నీ అయిపోయాక, ఎవరో చెబితే మిషన్ దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ నర్సమ్మలు మందు ఇచ్చి ఊరుకోలేదు, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆయన కోసం ఏడ్చారట. "నా మొగుని కోసం నేను గూడ గంత ఏడ్వలేదు అల్లుడా" అని అత్త చెప్పేది. మామ ఆ తరువాత ఆరేళ్లు బతికాడు. అత్త నమ్మకం ఆమె చివరి రోజుదాకా బతికింది. బాప్తిస్మం తీసుకుని తెల్లచీరలో ఇంటికొచ్చిన రోజు మా బాపు ఊళ్లోనే లేకుండా పోయాడు. బాపు కోపం దేవుడు మారినందుకు కూడా కాదు. విగ్రహానికి పెట్టింది తినకూడదని ఆమె మా ఇంటి ప్రసాదం వద్దన్నది, అందుకు. "నా ఇంటి మెతుకు ముట్టని మనిషి నాకు చెల్లె ఎట్లయితది?" అని ఏడాదిన్నర అలిగాడు. ఆ తగువు తీర్చింది మా అమ్మ. అమ్మ చదువుకోలేదు, వాదించడం కూడా రాదు. "పెట్టినంక తినకపోతే పెట్టకముందు తీసిపెడితే సరిపాయె. దేవుడు మారితే ఆడిబిడ్డ మారుతదా?" అన్నది. అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ పండుగైనా అత్తది మొదటి పంక్తి, దేవుడిది రెండో పంక్తి. అత్త కూడా క్రిస్మస్‌కు గులాబీ పువ్వులనే పిండివంట, సకినాలు డబ్బా నిండా పంపేది. "ప్రార్థన చేసినంకనే పంపుతున్న, అభ్యంతరమైతే చెప్పుమను మీ బాపును" అని ముందే హెచ్చరిక. బాపు ఒకటి కొరికి, కాసేపు ఆలోచించినట్టు నటించి, "ప్రార్థనకు నూనె గుంజుకున్నట్టు లేదు, మంచిగనే ఉన్నయి" అని డబ్బా తన వైపు లాక్కునేవాడు.

అమ్మ పోయాక ఆ డబ్బా బాధ్యత నాకొచ్చింది. నేను అప్పటికే వంట మనిషిని. ఆరో తరగతిలో లెక్కల సారూ నేనూ ఒకే గదిలో ఇమడలేమని తేలింది. ఆయనకు జీతం వస్తుంది కాబట్టి నేనే బయటికొచ్చాను. పెండ్లిళ్లకు, చావులకు, బోనాలకు, చర్చి పండుగలకు, దర్గా దగ్గర కందూరు విందుకు, అన్నిటికీ వండాను. పొయ్యికి ఏ మతమూ లేదని నాకు తెలిసినంత బాగా పండితులకు తెలియదు.

అత్తకు ఒక్కడే కొడుకు, నాకంటే ఆరు నెలలు పెద్ద, అంటే బావ. మా వైపు బావా బావమరుదులు సూటిగా మాట్లాడుకున్నారంటే ఎవరో పోయి ఉండాలి, లేదా భూమి కోర్టుకెక్కి ఉండాలి. మిగతా రోజుల్లో అంతా పరాచికమే. పొద్దున కలిస్తే తిట్టుకోవడం, విడిపోయేటప్పుడు ఇంకో తిట్టు బాకీ ఉంచుకోవడం. బావ నార్కట్‌పల్లి చౌరస్తాలో లారీ మెకానిక్. నెలకోసారి, మొదటి ఆదివారానికి కోస్గి వచ్చి చర్చిలో డోలక్ వాయించేవాడు. ఆ డోలక్ మీద వేళ్లు పడ్డాయంటే పక్క వీధిలో మా ఆంజనేయస్వామి భజన వాళ్లు కూడా తాళం సర్దుకునేవారు. నలభై దాటినా పెండ్లి లేదు. ఎవరడిగినా "దేవుని చిత్తం ఇంకా తెల్వలే" అనేవాడు. అత్త ప్రతి వారం ఇంటి ప్రార్థనలో లేచి నిలబడి ఒకటే విన్నపం చెప్పేది, నా కొడుకు ఇల్లు నిలబడాలె అని. "రోజూ ఒకటే అర్జీ పెడితే ఆఫీసుల పక్కన పడేస్తరత్తా, జర మార్చి రాయి" అని నేను ఆటపట్టించేవాణ్ణి.

కరోనాకు రెండేళ్ల ముందు, కార్తీకంలో, ఎట్టకేలకు మక్తల్ వైపు నుంచి ఒక సంబంధం కుదిరింది. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్ల తరఫు వాళ్లు వచ్చి మాట ఖాయం చేసుకోవాలి. ముప్పై మందికి భోజనాలు, వంట నాదే. ఆ బుధవారం నేను ఒక పెండ్లి వంటకు నార్కట్‌పల్లి పోయాను. పని తీరాక బావ షెడ్డుకు వెళ్లాను. పక్కనే ఆయన దోస్తు టైర్ల దుకాణం. ఇద్దరూ పన్నెండేళ్లుగా ఒకే గదిలో కిరాయికి ఉంటున్నారు. నేను కూర్చుంటూనే, "ఆదివారం గా గ్రీజు అంగీతోనే వస్తవా, పిల్ల దడుసుకుంటది" అన్నాను. బావ పానా కింద పెట్టాడు. "నాకు పెండ్లి వద్దురా. నా సంసారం ఈడనే ఉన్నది" అని గడ్డంతో దోస్తు వైపు చూపించాడు. "పన్నెండేండ్లాయె. మొన్న కోర్టు గూడ నేరం కాదన్నది. ఇంక అమ్మే అనాలె." నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "కట్నం కింద ఎన్ని టైర్లిచ్చిండు బావా?" అన్నాను. "నాలుగు. స్టెప్నీ గూడ" అన్నాడు బావ. తరువాత నన్ను కాసేపు చూశాడు. దోస్తు నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో వెతుకుతున్నాడు. నేను బస్సెక్కి దారంతా నవ్వుకుంటూ వచ్చాను.

శుక్రవారం మా ఇంట్లో వ్రతం. అత్త డబ్బా తీసుకుని వెళ్లాను. ఆమె అరుగు మీద చాటలో బియ్యం ఏరుతున్నది, ఆదివారం కోసం. మంచి పరాచికం చేతిలో ఉంటే నాకు నిలవదు. "అత్తా, మక్తలోళ్లను రావద్దను. నీకు నార్కట్‌పల్లిల కోడలు దొరికింది. అన్ని మంచి గుణాలే, ఒక్కటే లోపం, మీసాలున్నయి" అన్నాను. చాట ఆగింది.

"ఎవరు చెప్పిండ్రు?"

"నీ కొడుకే."

"చెప్పేటప్పుడు వాడు నవ్విండా?"

నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది. నవ్వింది నేను ఒక్కణ్ణే. స్టెప్నీ మాట అన్నప్పుడు కూడా బావ నవ్వలేదు. దోస్తు చేతులు తొట్టిలోనే ఆగిపోయాయి. ఒక మనిషి పన్నెండేళ్లు మోసిన మాటను, నమ్మి, నా ముందు దించితే, నేను దాన్ని పరాచికం అనుకుని ఎత్తుకొచ్చి అతని తల్లి ఒళ్లో పడేశాను. "నవ్వలేదత్తా" అన్నాను.

అత్త మళ్లీ బియ్యం ఏరసాగింది. రాయి దొరికితే పారేస్తున్నది, గింజ దొరికినా పారేస్తున్నది. "నాకు ఎరుకనే అల్లుడా" అన్నది చివరికి. "ఎరుక లేనట్టుండుడు అలవాటాయె. గంతే." తరువాత డబ్బా మూత తీసి ఆ ప్రసాదం వైపు చూసింది. "ముప్పై ఏండ్ల పైనాయె, ముందుగాల నాకు తీసి తర్వాత మీ దేవునికి పెట్టవట్టి. ఎన్నడన్న అలిగిండా?"

"అలిగితే మనకెట్ల తెలుస్తదత్తా, ఫోటోల ఎప్పుడు జూసినా నవ్వుకుంటనే ఉంటడు."

అత్త నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్లకు పెట్టుకున్నది. "నా దేవుడు గూడ గంత చిన్నోడు కాడు లే" అన్నది. "నాకైతే సమజ్ కాదు. ఇంకో జన్మెత్తినా సమజ్ కాదు. సమజ్ కాలేదని కన్న కొడుక్కు అన్నం బంద్ చేస్తమా?"

లేచి మక్తల్‌కు ఫోన్ చేసింది. "పిల్లగాన్ని అడగకుండ మాటిచ్చిన, తప్పు నాది, పిల్లది గాదు, మాఫ్ చెయ్యిండ్రి" అని చెప్పింది. తరువాత నాతో, "ముప్పై మందికి వండకు. మనకు వండి, ఇద్దరికి ఎక్కువ వెయ్యి. వాళ్లిద్దర్ని రమ్మను" అన్నది.

బావకు ఫోన్ చేసి నేను చేసిన ఘనకార్యం చెప్పాను. అటు నుంచి గాలి మిషను చప్పుడు ఆగింది. "నిన్ను సంపుతరా" అన్నాడు. "అమ్మ ఏమన్నది?"

"ఆదివారం ఇద్దర్ని అన్నం తిననీకి రమ్మన్నది."

"మజాక్ చెయ్యకు. గీ ఒక్క దాంట్ల మజాక్ చెయ్యకు, నీ కాళ్లు మొక్కుత."

మా అమ్మ మీద ఒట్టేశాను, పిల్లల మీద వేశాను. నమ్మలేదు. నలభై ఏళ్ల పరాచికానికి వడ్డీ అక్కడ కట్టాను. చివరికి అత్త ఫోన్ లాక్కుని, "నేనేరా, రాండ్రి" అని పెట్టేసింది.

శనివారం చర్చి అయ్యగారు వచ్చారు. మక్తల్ వాళ్ల ద్వారా కొంత, అరుగు మీద మా మాటలు విన్న వీధి ద్వారా మిగతాది ఆయనకు చేరింది. మంచి మనిషి, అబద్ధం చెప్పడం రాదు. "వాక్యంలో నేను చదివింది ఒకటున్నదమ్మా. దాన్ని దాచి మీతో మాట్లాడలేను" అన్నారు.

"దాచమంటలేనయ్యా. వాణ్ణి వెలివేస్తరా, గది చెప్పుండ్రి."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "వెలివెయ్యను. రానీయండి. డోలక్ మటుకు కొన్నాళ్లు ఆగనీయండి."

"చప్పట్లు కొట్టొచ్చా?" అన్నది అత్త.

అయ్యగారికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయారు. వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి, ఈ ఇంటికి శాంతి, సమాధానం కలుగు గాక అని కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఎవరి పేరూ తీయలేదు, ఎవరినీ వదిలిపెట్టనూ లేదు.

ఆదివారం మధ్యాహ్నం బస్సుకు ఇద్దరూ దిగారు. నేను చూసి తల పట్టుకున్నాను. దోస్తు నల్ల లుంగీ, నల్ల అంగీ, మెడలో మాల, కాళ్లకు చెప్పుల్లేవు. అయ్యప్ప దీక్ష, బుధవారం నేను వచ్చాకే మాల వేసుకున్నాడట. పొయ్యి మీద నేను చేసింది మటన్. బావ ఈ సంగతి చెప్పాలన్న సోయిలో కూడా లేడు. దోస్తు గుమ్మం బయటే నిలబడి, "నాకు పండ్లు చాలమ్మా" అన్నాడు. మాల వేసుకున్నవాణ్ణి ఎవరైనా స్వామీ అనే పిలవాలి. అత్త తన ఇంట్లో స్వామి అని ఒక్కరినే పిలిచేది, ఆయన గోడ మీద కేలండరులో గొర్రెపిల్లను ఎత్తుకుని ఉండేవాడు. పేరు పెట్టి పిలవడానికి మనసొప్పదు, ఏ వరస కలపాలో తెలియదు. మా దగ్గర వరస లేకుండా మంచినీళ్లు కూడా ఇవ్వలేం. "అల్లుడా, గాయినను లోపల కూసోమను" అన్నది నాతో, అతను ఆమెకు మూరెడు దూరంలో నిలబడి ఉండగా. "గాయిన పప్పు తింటడా అడుగు" అన్నది. నేను వాళ్లిద్దరి మధ్య టెలిఫోను తీగలా నిలబడ్డాను.

తరువాత నన్ను బజారుకు తోలి కొత్త కుండ తెప్పించింది. మటన్ గిన్నెలు పెరట్లోకి పంపి, పొయ్యి కడిగి, నన్ను ముట్టనీయకుండా తానే పప్పు వండింది. ఉల్లిగడ్డ వెయ్యాలో వద్దో తెలియక చివరికి ఆమె అతని వైపే తిరిగింది. "ఉల్లిగడ్డ నడుస్తదా కొడుకా?" అని అడిగేసింది. అడిగినట్టు ఆమెకు కూడా తెలియలేదనుకుంటాను. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. దోస్తు, "నడువదమ్మా" అన్నాడు, ఏదో పెద్ద ప్రశ్నకు జవాబిచ్చినట్టు. భోజనానికి ముందు అత్త కళ్లు మూసుకుని కృతజ్ఞత చెప్పింది, దోస్తు శరణుఘోష పెదవుల్లోనే చెప్పుకున్నాడు, నేను ఇద్దరి కోసం ఆకలిగా ఎదురుచూశాను.

తరువాత అంతా తేలికైపోలేదు. చర్చిలో కొందరు అత్త పక్కన చాప వేసుకోవడం మానేశారు. ఆమె కొడుకు పక్కన వెనక వరసలో కూర్చుని పాడింది. మరుసటి ఏడు క్రిస్మస్‌కు అయ్యగారే డోలక్ తెచ్చి బావ ఒళ్లో పెట్టారు. ఆయన సిద్ధాంతం మారిందని నేననుకోను. కొత్త కుర్రాడి తాళం పదమూడు నెలలు భరించిన మనిషి ఆయన.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ ఆదివారం సాయంత్రం బస్టాండు. దోస్తు సోడా కోసం వెళ్లాడు. బావ బెంచీ మీద కూర్చుని, ఉన్నట్టుండి భుజాలు ఊగేలా నవ్వడం మొదలుపెట్టాడు. ఏందిరా అంటే, "ఇరవై ఏండ్ల సంది తయారు చేసుకున్న రా. అమ్మ గిట్ల అడిగితే గిట్ల చెప్పాలె, గట్ల తిడితే గట్ల అనాలె. వాక్యాలు గూడ బట్టీ పట్టిన. ఒక్క ముచ్చట అడగలేదు. ఉల్లిగడ్డ అడిగింది" అన్నాడు. నవ్వుతూనే ఏడ్చాడు. నేను ఏ పరాచికమూ ఆడలేదు, జీవితంలో మొదటిసారి.

ఒక మాట చెప్పడానికి మనిషికి ఇరవై ఏళ్లు పడుతుంది, వినడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. పోయిన ఇరవై ఏళ్లు ఎవరూ తెచ్చివ్వలేరు గానీ, అత్త ఉండగానే ఆ ఒక్క మధ్యాహ్నం వచ్చి వెళ్లింది, అది చాలా పొడుగు మధ్యాహ్నం.