బురద పలకల వీరభద్రాచారి మాస్టారు

గత సోమవారం రెండో పీరియడ్ నడుస్తుండగా మా వర్క్‌షాప్ అటెండర్ తరగతి గుమ్మం దగ్గరికొచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. నేనే బయటికి వెళ్ళాను. "మేడం, మన ఆచారి మాస్టారు పోయారంటండి. పాలకొల్లు నుంచి ఫోనొచ్చింది" అన్నాడు. తిరిగి లోపలికి వచ్చి సుద్దముక్క తీసుకున్నాను. బోర్డు మీద సగంలో ఆగిన సమీకరణం నా చేతిరాతే అయినా, అదేమిటో ఎంతసేపు చూసినా బోధపడలేదు. మూడు రోజుల క్రితమే ఫోన్‌లో "ఇంకో జత పలకలు మొదలెట్టానండి, ఈసారి బరువు తగ్గుద్ది" అని ఉత్సాహంగా చెప్పిన కంఠస్వరం ఇక వినబడదన్న సత్యాన్ని మనసు అంగీకరించడానికి ఆ రోజంతా పట్టింది.

ఆయన మరణం కూడా ఆయన జీవితంలాగే నిరాడంబరంగా జరిగింది. ఉదయం కాఫీ తాగి, పెరట్లో పీట మీద కూర్చుని బాడిసకు పదును పెట్టుకుంటున్నారట. కాసేపటికి చప్పుడు ఆగింది. చెక్కను పరీక్షగా చూస్తున్నారు కాబోలనుకుని భార్య మహాలక్ష్మి గారు పలకరించలేదు. పనిలో ఉన్నప్పుడు ఆయన్ని పలకరించకూడదని ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది.

వీరభద్రాచారి గారు భీమవరంలో మా ఇంజనీరింగ్ కళాశాల వడ్రంగి విభాగంలో సుదీర్ఘకాలం శిక్షకులుగా పనిచేశారు. నరసాపురం వైపు పడవలు కట్టే వంశం వారిది. తండ్రిగారి దగ్గర బాల్యంలోనే బాడిస పట్టిన మనిషి. పట్టా లేదు. ఆచార్యులమని చెప్పుకునే మాబోటివాళ్ళ సమావేశాల్లో ఆయనకు కుర్చీ వేసే ఆచారమూ లేదు. అయినా ఆయన చేతికింద చిత్రిక పట్టడం నేర్చుకున్న విద్యార్థులు ఇవాళ ఎక్కడెక్కడో ఉండి, మా పాఠాలు మరిచిపోయారు గాని ఆయన మాటలు మరవలేదు. ఒక కుర్రాడు కొలత తప్పి చెక్క పాడుచేసి, చెక్క మంచిది కాదని సాకు చెప్పాడొకసారి. మాస్టారు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "చెక్కకి అబద్ధం చెప్పడం రాదు బాబూ. అది మనకొక్కళ్ళకే వచ్చు" అన్నారు. కోప్పడటం అంటే ఆయనకు అంతవరకే.

ఆయన్ని ఈ ప్రాంతానికి పరిచయం చేసింది మాత్రం బురద పలకలు. ఆ కథలో నా పాత్ర గర్వించదగినది కాదు. అయినా చెప్పడం నా విధి.

రొయ్యల చెరువు పట్టుబడికి వచ్చినప్పుడు నీళ్ళు దించి వలలు లాగుతారు. వలకు చిక్కని రొయ్యలు అడుగున మిగిలిపోతాయి. తొడలోతు బురదలో దిగి వాటిని చేతులతో ఏరే పని ఎక్కువగా ఆడవాళ్ళది. ఒకనాటి మధ్యాహ్నం కాళ్ల అనే ఊరి వైపు నుంచి వస్తూ మాస్టారు ఒక చెరువు గట్టున సైకిలు ఆపారు. అప్పాయమ్మ అనే కూలీ బురదలో కూరుకుపోయి ఉంది. ఇద్దరు చెరొక చెయ్యీ పట్టి లాగుతున్నారు. కాలు పైకి వచ్చింది గాని, తుంటి దగ్గర కీలు తప్పింది. ఆమె ఆ తర్వాత చెరువులోకి దిగలేదు. ఇంట్లో నడవడమే కష్టమైంది. "ఆవిడ అరుపు కాదండి, బురద కాలుని వదిలినప్పుడు వచ్చిన చప్పుడు నా చెవిలో ఉండిపోయింది" అని నాతో చాలాకాలానికి చెప్పారు.

కొద్దిరోజులకు ఒక విద్యార్థి తన ఫోన్‌లో మంచుకొండల మీద మనుషులు కాళ్ళకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని జారిపోయే దృశ్యం చూపించాడు. మాస్టారు దాన్ని నాలుగుసార్లు వేయించుకుని చూశారు. "మంచు మీద జారే మనిషి బురద మీద ఎందుకు జారడూ? కాలు పైకెత్తకుండా వెళ్తే బురదకి పట్టుకునే పనే ఉండదు కదా" అన్నారు. వాటిలాగే సన్నగా, పొడుగ్గా, చదునుగా ఒక జత చేశారు. చెరువులో పెడితే బురద వాటిని పీల్చి పట్టుకుంది. ఒక పలకను బయటికి తీయడానికి గునపం కావలసి వచ్చింది.

అప్పుడాయన స్కీని పూర్తిగా తిరగేశారు. సన్నగా ఉండవలసిన నడుము దగ్గర వెడల్పు, వెడల్పుగా ఉండవలసిన చివర్లు సన్నం. ముందూ వెనకా రెండు కొసలూ పైకి లేచి ఉంటాయి. అడుగు చదును కాదు, పడవ బొజ్జలాగా గుండ్రం. పొడవు మనిషి ఛాతీ వరకు మాత్రమే. తండ్రిగారు కట్టిన పడవలన్నీ ఆయన చేతుల్లో ఉన్నాయి గనుక, ఆ వంపు ఏ పటమూ లేకుండా వచ్చింది. "అడుగు చదునుగా ఉంటే బురద ముద్దు పెట్టుకుంటదండి. బొజ్జ ఉంటే, ముందుకి ఒరిగినప్పుడల్లా వెనక నుంచి గాలి దూరుద్ది. గాలి దూరితే బురద వదిలేస్తది" అన్నది ఆయన సిద్ధాంతం.

ఆ వస్తువును చూసి నవ్వనివారు తక్కువ. స్టాఫ్ రూంలో ఒకాయన "కాలికి తాటిదోనెలు కట్టుకుని ఏ ఊరండీ మాస్టారూ ప్రయాణం?" అన్నారు. మహాలక్ష్మి గారు ఇరుగుపొరుగుతో "దేవుడిచ్చిన కాళ్ళు సరిపోవటం లేదంటండి ఈయనకి" అని నిట్టూర్చారు. ఆ చెరువు యజమాని సత్యనారాయణరాజు గారు మర్యాదస్తులు. నవ్వలేదు గాని, "ఇలాంటివి ఇంగ్లీషు సినిమాల్లో బాగుంటాయి గాని, మన చెరువులకెందుకండీ? పడితే నా చెరువులో పడతారు. తర్వాత మాట నాకొస్తాది" అన్నారు.

ఇక నేను. ద్రవశాస్త్రం బోధించేదాన్ని కనుక ప్రిన్సిపాల్ గారు ఆ నమూనా మీద నా అభిప్రాయం అడిగారు. కళాశాల ప్రదర్శనలో దాన్ని పెట్టాలా వద్దా అన్నది ప్రశ్న. రెండు పేజీలు రాసి ఇచ్చాను. అడుగు గుండ్రంగా ఉంటే ఆనే వైశాల్యం తగ్గి మరింత దిగబడుతుందని, మనిషి పక్కకు దొర్లి పడతాడని, ప్రపంచంలో ఎక్కడా స్కీకి ఇటువంటి ఆకారం ఉన్నట్టు నాకు తెలియదని, అందువల్ల ఇది ఆచరణయోగ్యం కాదని తేల్చాను. రాసే ముందు వర్క్‌షాప్‌కి వెళ్ళి ఆ పలకను ఒక్కసారైనా చేత్తో ముట్టుకోలేదు. చెరువు సంగతి సరేసరి. ప్రదర్శనలో దానికి చోటు దక్కలేదు.

మర్నాడు మాస్టారే నా గదికి వచ్చారు. నిష్ఠూరమాడతారనుకున్నాను. "మీ కాగితం ఒక కాపీ ఇప్పించండి మేడం గారూ" అన్నారు.

"ఎందుకు మాస్టారూ? మిమ్మల్ని నొప్పించాలని కాదు నేను..." అన్నాను.

"నొప్పేం లేదండి. మీ లెక్క తప్పని నేననను. నా చెక్క తప్పనీ అనను. ఇద్దరికీ తెలియంది బురదకి తెలుసు కదా, దాన్నే అడుగుదాం" అని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని నమస్కారం చేసి వెళ్ళిపోయారు. పరాభవాన్ని అంత శాంతంగా స్వీకరించిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

మొదటి పరీక్ష ఒక ఆదివారం ఉదయం జరిగింది. రాజుగారు చాలా మొహమాటం మీద ఒప్పుకున్నారు. ఆ చెరువులో ఏరే ఆడవాళ్ళ జట్టుకి నాగమణి పెద్ద. అప్పాయమ్మకు సొంత చెల్లెలు. మాస్టారు పలకలు చూపించబోతే ఆమె వాటిని కాలితో కూడా తాకలేదు.

"ఆయ్, బానే చెక్కారండి మాస్టారూ. కానీ మీ చెక్క పోతే ఇంకోటి చెక్కుకుంటారు. మా కాలు పోతే ఎవరు చెక్కుతారండీ? మా అక్కని చూశారుగా" అంది.

"నిజమేనమ్మా. అందుకే ముందు నేను దిగుతాను" అని, యాభై దాటిన ఆ మనిషి పంచె ఎగ్గట్టి, పలకలు కాళ్ళకు తాళ్ళతో కట్టుకుని చెరువులోకి దిగారు. నాలుగు గజాలు జారారు. గట్టు మీద ఎవరో ఈల వేశారు. ఐదో గజం దగ్గర పక్కకు దొర్లి నిలువునా బురదలో పడ్డారు. లేచారు, మళ్ళీ పడ్డారు. మూడోసారి కాలు తాడులో చిక్కుకుని మొహం బురదలో మునిగింది. అంతవరకు నవ్విన నాగమణే గబగబా దిగి ఆయన భుజాలు పట్టుకుని లేపింది. అంతా ఎగతాళి చేస్తుంటే మాస్టారు కళ్ళు తుడుచుకుని ఆమెను అడిగిన మాట ఒకటే: "ఎక్కడ తప్పిందో చెప్పమ్మా."

నాగమణి కాసేపు ఆయన మొహంలోకి చూసిందట. వెటకారం కాదని నమ్మకం కుదిరాక చెప్పింది. "మీరు దొరబాబులా నిటారుగా నిలబడ్డారండి. మేం బురదలో ఎప్పుడన్నా నిటారుగా ఉంటామా? నడుం వంచుకుని ఉంటాం. బరువంతా ముందుకుంటాది. కాలు పెట్టే చోటు వెనక్కి జరపండి. ఇంకోటండి, కాలు కట్టెయ్యకూడదు. పడితే చెప్పు ఊడినట్టు ఊడిరావాలి. కట్టేస్తే చచ్చిపోతాం."

ఇంటికి వెళ్ళి ఆమె చెప్పింది చెప్పినట్టు చేశారు. తాళ్ళు తీసేసి, వేళ్ళ దగ్గర మాత్రం చెప్పు పట్టీ లాంటిది బిగించారు. కాలుంచే చోటు జానెడు వెనక్కి జరిపారు. వర్క్‌షాప్ గోడ మీద ఆ కొత్త అచ్చు గీసి, కింద పెన్సిల్‌తో "నాగమణి కొలత" అని రాసుకున్నారు. దొర్లడం మాత్రం మిగిలింది. దానికాయన నా కాగితం తీశారు.

రెండో పరీక్షకు నన్ను పిలిచారు. వెళ్ళడానికి సిగ్గుపడ్డాను, వెళ్ళకపోవడానికి మరింత సిగ్గుపడ్డాను. పలక బొజ్జకు అటూ ఇటూ రెండు సన్నటి బద్దలు కొట్టి ఉన్నాయి. "పక్కకి దొర్లుద్దని మీరు రాశారు కదండీ. అది నిజమే అయింది, మూడుసార్లు పడ్డాను. ఈ బద్దలు మీవేనండి" అన్నారు. ఆ మాటలో వ్యంగ్యం లేశమైనా లేదు. ఈసారి నాగమణి తానే ఎక్కింది. నడుం వంచి, ఒక కాలు ముందుకు తోసి, మరో కాలు తోసి, చెరువు మధ్యకు వెళ్ళి ఆగింది. దిగబడుతుందన్న నా జోస్యం ఫలించలేదు. పలక రెండంగుళాలు దిగి, దాని వెడల్పాటి పొట్ట ఆనుకుని నిలిచింది. ప్రతి అడుగుకీ వెనక కొస లేచి, గాలి దూరి, బురద నెమ్మదిగా విడిచిపెట్టడం కళ్ళారా చూశాను. నా లెక్కలో బురద కదలకుండా ఉంది. మనిషీ కదలకుండా ఉన్నాడు. అదే నా దోషం. గట్టు మీదే మాస్టారికి క్షమాపణ చెప్పుకున్నాను. "మీరు బాగుందని రాసుంటే బద్దలెక్కడివండీ?" అని నవ్వేశారు.

ఆ సంగతి తెలిసి కొన్నాళ్ళకు అప్పాయమ్మ ఆటోలో వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. "ఒకసారి ఎక్కించండి" అంది. చెల్లెలు వద్దని కేకలేసింది. మాస్టారు ఒక్క ప్రశ్నే వేశారు: "కాలెత్తలేవు సరే, ముందుకి తొయ్యగలవా అమ్మా?" తోయగలనంది. చెరొక పక్కా ఇద్దరు నడుస్తుండగా ఆమె ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్ళింది. ఆగి, మెల్లగా తిరిగి వచ్చింది. కాళ్ళు కడుక్కుని గట్టున కూర్చుంది. "ఈ వాసన చూసి ఎన్నాళ్ళయిందో" అంది. మాస్టారు అటు తిరిగి పలకలు కడగసాగారు. కడిగినవే మళ్ళీ కడిగారు.

ఆ పలకలు డెల్టా అంతా వ్యాపించాయని రాస్తే ఆయన ఆత్మ ఒప్పుకోదు. మా చుట్టుపక్కల కొన్ని జట్లు వాడుతున్నాయి. చాలామంది వాడటం లేదు. రాజుగారు ఈనాటికీ "ఏమోనండి, చూడ్డానికి బాలేదు" అనే అంటారు. ఒక ప్లాస్టిక్ సామాన్ల తయారీదారు వచ్చి, అడుగు చదును చేసి, కొసలు తిన్నగా పెడితే చూపులకు స్కీలా ఉంటుందని, లక్షణంగా అమ్ముడవుతుందని సలహా ఇచ్చాడు. మాస్టారు అతనికి టీ ఇచ్చి గౌరవించి, "చూసేవాళ్ళ కోసం కాదండి, దిగేవాళ్ళ కోసం" అని సాగనంపారు. పదవీ విరమణ తర్వాత పాలకొల్లు పెరట్లోనే ఒక్కొక్క జతా ఎవరి ఒడ్డూ పొడుగూ చూసి వారికి చెక్కారు.

ఆయన చేసిన వస్తువు కన్నా ఆయన వినయం గొప్పదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. తనను నమ్మనివారిని శత్రువులుగా చూడటం మనకందరికీ తెలిసిన విద్య. వారి అపనమ్మకంలో ఉన్న సత్యాన్ని ఏరుకుని, వారి పేరు పెట్టి మరీ వాడుకోవడం ఆయన ఒక్కరికే తెలిసిన విద్య. కొలతలన్నీ నా దగ్గర కాగితాల మీద ఉన్నాయి. ఎవరైనా చేసుకోవచ్చు. కాని చిత్రిక ఎక్కడ ఆపాలో ఆయన అరచేయి చెప్పేది. దాన్ని నేను రాసుకోలేకపోయాను.

అంత్యక్రియలు ముగిశాక పాలకొల్లులో వారి అరుగు మీద కూర్చున్నాను. నాగమణి జట్టు మొత్తం పని మానుకుని వచ్చింది. నాగమణి నా పక్కనే చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మేడం గారూ, ఆయనేం చేసి తెచ్చినా ముందు బాలేదనే అనేదాన్నండి. పట్టీ ఒరుసుకుంటందనీ, బరువెక్కువనీ, ఏదో ఒకటి. అలాగేనమ్మా అని పట్టుకెళ్ళి మార్చుకొచ్చేవారు. ఒక్కరోజు మొహం చిట్లించలేదు. ఇప్పుడు మేం బాలేదంటే ఎవరు వింటారండీ?"

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. లోపల మహాలక్ష్మి గారు ఎవరికో, ఆయన పని చేసుకుంటున్నారనే అనుకున్నానని, అందుకే పలకరించలేదని మళ్ళీ మళ్ళీ చెబుతున్నారు. వీరభద్రాచారి మాస్టారికి, ఆయన పలక పనికిరాదని తేల్చి సంతకం పెట్టిన ఈ చేతులతోనే అంజలి ఘటిస్తున్నాను.