రెండు కళ్లు, లాభం ముక్కు

నా కూతురు బడి గడప తొక్కకముందే దాని చదువును నేను ముంచేయబోయిన వైనం చెబుతాను. మీరు నవ్వుకోండి, కాదనను. ఆరోజు మా ఆవిడ సుజాత మాత్రం నవ్వలేదు.

అప్పుడు మేం మన్నెగూడలో ఉండేవాళ్లం. ఇబ్రహీంపట్నంలో ఓ బడిలో ఎల్‌కేజీకి ఒక్కటే సీటు మిగిలింది. అది దొరికితే సుజాత కుట్టుపనికి పోవచ్చు.

“సీటు రాకుంటే బిడ్డను నువ్వే సూస్కో, నేను పనికి పోత” అని ముందే చెప్పేసింది.

ఇంటిపనులతోనే పిల్లలకు అంకెలు నేర్పొచ్చని అంగన్‌వాడీ టీచర్ చెప్పింది. ఇంకేం, రోజూ మేఘనను బియ్యం డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టుకుని, టీ గ్లాసుతో కొలుస్తూ పైకి లెక్కపెట్టాను. పిల్ల చిలకలా పలికేది. నెల తిరిగేసరికి నేను పెద్ద పంతులునైపోయి, అడక్కపోయినా పక్కింటివాళ్లకు సలహాలిచ్చాను.

సీటు కోసం వెళ్లిన రోజు పెద్దమేడం పిల్లను దగ్గరికి తీసుకుంది.

“నీకు కండ్లెన్ని బిడ్డా?”

“రెండు!”

నేను మీసం సర్దుకున్నాను.

“మరి ముక్కులు?”

“లాభం!”

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “అమ్మలెంతమంది?”

“లాభం!”

“నాయినలు?”

“లాభం!” అంది అంతే ధీమాగా. నాతో ఏం లాభమో నాకే తెలియదు.

సుజాత నా వైపు తిరిగింది. “ఏందయ్యా గిది? ఏం నేర్పినవ్?”

“నాకేమెర్క! నేను అంకెలే నేర్పిన. నువ్వు టీవీ పెడ్తవ్ గదా, అండ్ల ఇన్నదేమో.”

“టీవీల ముక్కులెవరు లెక్కవెడ్తరు?”

నిజంగానే నా బుర్ర తిరిగిపోయింది. రెండు వచ్చిన పిల్లకు ఒకటి ఎందుకు రాదు?

“మేడం, జర ఆగుండ్రి. బిడ్డ బుగులు వడ్డది. నేను చెప్త, నా ఎన్క అంటది” అని బల్ల మీది రంగుపెన్సిళ్లు ఒక్కొక్కటే పిల్ల ముందు పెట్టాను.

“లాభం... రెండు... మూడు...”

నా గొంతు నాకే వినిపించి ఆగిపోయాను. మా ఊరి కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, శుభమని లాభం అంటారు. మా బాపు పక్కన కూర్చుని చిన్నప్పుడు నేను నేర్చిన లెక్క అది. బియ్యంలో గ్లాసు ముంచగానే నా నోరు దానంతటదే లాభంతో మొదలుపెట్టింది. నెల రోజులుగా మా ఇంట్లో ఒకటనే అంకే లేదు! సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

మేడం నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుంది. “బిడ్డ చెప్పింది చెప్పినట్టే నేర్సుకున్నది. సీటు దానికే ఇస్త. ఎల్‌కేజీల అసలు గూసోవలసింది నువ్వు!”

ఇంటికి రాగానే బియ్యం డ్రమ్ము మీద చెయ్యి పెట్టి, ఈ జన్మలో ఇక ఒకటిని ఒకటనే అంటానని ఒట్టు వేశాను.

“గట్ల గాదు, మూడుసార్లు చెప్పు” అంది సుజాత.

చెప్పాను. నేను తప్పించుకోకుండా మేఘన వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది.

“లాభం... రెండు... మూడు.”