బండితో వచ్చిన ఆడపడుచు

ఈ పొద్దున కాఫీ కలుపుతూ కిటికీలోంచి చూస్తే, మా ఆయన డ్రైవ్‌వేలో మా పాత బండి బానెట్ ఎత్తి, లోపలికి ఫోన్ చాపి నిలబడున్నాడు. ఇంజిన్ టకటకమంటోంది. "వినిపిస్తోందా చెల్లెమ్మా? చల్లగా ఉన్నప్పుడే ఇలా, కాసేపటికి తగ్గిపోతోంది" అని ఎంతో దిగులుగా చెబుతున్నాడు. మొన్న నాకు రాత్రంతా దగ్గు తెరలు తెరలుగా వస్తే, "వేణ్ణీళ్ళు తాగు" అని అటు తిరిగి పడుకున్న మనిషి ఈయనే. బండికి దగ్గొచ్చేసరికి ఆర్కాన్సా దాకా ఫోన్ చేశాడు. కాఫీలో చక్కెర వేయడం మర్చిపోయాను. మర్చిపోయానో, మానేశానో.

ఫోన్‌లో ఉన్నది ఆర్కాన్సాలోని బెంటన్‌విల్‌లో ఉంటున్న మా ఆడపడుచు. సొంత ఆడపడుచు కాదు. మా అత్తగారికి అందరూ మగపిల్లలే. సంబంధం కుదిరిన రోజున మా పిన్ని నా చెవిలో "ఆడపడుచుల్లేని ఇల్లు, నీ అంత అదృష్టవంతురాలు లేదే" అంది. ఆ అదృష్టం మేం టెక్సాస్‌లోని ఈ ఇర్వింగ్ వచ్చేదాకా బాగానే నిలిచింది. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో మా ఎదురు ఫ్లాట్‌లోకి ఒక కొత్త జంట దిగింది. అతను ఆఫీసు, ఫోన్లు, మీటింగులు. ఆ అమ్మాయి డిపెండెంట్ వీసా మీద వచ్చింది, ఉద్యోగం చేయడానికి లేదు, కబుర్లకి మాత్రం కొదవ లేదు. కరివేపాకు కోసం వచ్చి గంట కూర్చునేది. మా ఆయన్ని అన్నయ్యగారూ అంది, నన్ను వదినా అంది. పోనీలే, పిలుపే కదా అనుకున్నాను.

అప్పుడే మాకు రెండోవాడు పుట్టాడు. మా చిన్న కారులో రెండు కార్ సీట్లు బిగిస్తే వెనక నేను కూర్చోవడానికి సందు లేదు, స్ట్రోలర్ పెడితే కూరగాయలు పట్టవు. పెద్ద బండి కావాలి. కొత్త బండి ధరలు చూసి మా ఆయన లాప్‌టాప్ మూసేశాడు. వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, ఇప్పుడు లోన్ తలకెత్తుకోవడం దేనికని సెకండ్ హాండ్ బండ్లు వెతకడం మొదలుపెట్టాం. మొదటి బండి చూడ్డానికి వెళ్తుంటే, దారిలో ఇండియన్ స్టోర్ దగ్గర దింపమని ఆ అమ్మాయి కూడా ఎక్కింది. స్టోర్ తిరుగుదారిలో చూసుకుందాంలే అంది. అక్కడే పప్పులో కాలేశాను.

అమ్మే అతని ఇంటి ముందు మా ఆయన బండి చుట్టూ తిరిగి, టైరుని కాలితో ఒక తన్ను తన్ని, బాగుందన్నట్టు నావైపు చూశాడు. ఆయనకి బండ్ల గురించి తెలిసింది అంతే. ఆ అమ్మాయి మాత్రం బానెట్ మీద అరచెయ్యి ఆనించి, అమ్మే అతని వైపు నవ్వుతూ తెలుగులో అంది: "ఇది వెచ్చగా ఉంది అన్నయ్యగారూ. మనం వస్తున్నామని ముందే స్టార్ట్ చేసి ఉంచాడు. చల్లటి ఇంజిన్ ఎలా మోగుతుందో మనల్ని విననివ్వడన్నమాట. వద్దు, పదండి." పాపం, అతనూ నవ్వాడు. ఇంకో బండి లోపల కొత్త కార్పెట్, గంధపు చెక్క సెంటు. నాకు తెగ నచ్చింది. ఆ అమ్మాయి వెనక సీటు బెల్టుని చివరిదాకా లాగింది. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద బురద మరక. "వరదలో మునిగిన బండి వదినా, పైపైన కడిగారు" అంది. విజయవాడ ఆటోనగర్‌లో వాళ్ళ నాన్నకి లారీల షెడ్డు ఉండేదట. బడి అయ్యాక ఇంటికి కాకుండా అక్కడికే వెళ్ళేదట. ఈ సంగతి ఒకసారి కాదు, ఆ వారంలో ఎన్నిసార్లు విన్నానో. గొప్పలు చెప్పుకోవడంలో ఆ పిల్లకి మొహమాటం లేదు. ఒట్టి గొప్పలైతే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

ఇక మా ఆయన నోట ప్రతి మాటకీ ముందు "చెల్లెమ్మ చెప్పింది". అనుమానపడ్డానని మాత్రం అనుకోకండి. వాళ్ళిద్దరూ నిజంగా అన్నాచెల్లెళ్ళలాగే ఉండేవాళ్ళు. అనుమానమైతే నయం, పోట్లాడ్డానికి ఒక దారుంటుంది. నా కడుపుమంట వేరు. పెళ్ళయినప్పటినుంచీ నేను ఏ మాట చెప్పినా "ఎందుకూ?" అని అడగకుండా ఈయన తలూపిన పాపాన పోలేదు. అన్నంలోకి చారు కావాలా అన్నా ఎందుకనే అడుగుతాడు. అలాంటి మనిషి, ఆ పిల్ల "ఆయిల్ మూత తియ్యండి" అంటే తీశాడు, "వాసన చూడండి" అంటే చూశాడు, "వద్దు" అంటే వద్దన్నాడు. ఇంత బుద్ధిగా వినడం వచ్చని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. వచ్చి కూడా దాచుకున్నాడన్న మాట, ఆ ఉక్రోషం నాది.

చివరికి ఆవిడగారు ఒప్పుకున్న బండి చూస్తే నాకు ఏడుపొచ్చింది. రంగు పెచ్చులూడి, హెడ్‌లైట్లు పచ్చకామెర్ల కళ్ళలా ఉన్నాయి. "ఇంజిన్ బంగారం వదినా, మిగతాది మనం చూసుకుందాం" అంది. ఆ 'మనం'లో నేను లేనని త్వరలోనే తెలిసింది. ప్రతి శనివారం ఆ పిల్ల ప్లగ్గులు మార్చేది, ఫిల్టర్లు మార్చేది, ఈయన టార్చి పట్టుకునేవాడు. ఇంట్లో బల్బు మార్చమంటే నిచ్చెన లేదనే మనిషి బండి కిందకి దూరాడు. నేను టీ తీసుకెళ్తే తలెత్తకుండానే "అక్కడ పెట్టు" అనేవాడు. సీట్లకి వంటసోడా రుద్ది వాసన పోగొట్టింది నేను. అది మాత్రం ఎవరూ చెప్పుకోరు.

బండి తయారయ్యాక గుడిలో పూజ చేయిద్దామన్నాం. మా ఆయన ముందే నాతో "చెల్లెమ్మకి ఒక చీర పెడదాం, ఆడపడుచు లాంఛనం" అన్నాడు. పెళ్ళిలో తప్పించుకున్న లాంఛనం టెక్సాస్‌లో పట్టుకుంది. పెట్టాను, నేను కట్టని రంగుది. సరే, గుడి పార్కింగ్‌లో పూజారిగారు బానెట్‌కి పసుపూ కుంకుమా పెట్టి, హారతిచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి మొదట నేనే కదపాలని నా మనసులో ఉంది. డ్రైవింగ్ టెస్టు మొదటిసారికే పాసైంది నేను, ఈయన కాదు. పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని డ్రైవర్ సీటు వైపు అడుగు కూడా వేశాను. అంతలో మా ఆయన తాళాలు తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "ఇంటి ఆడపడుచువి, నువ్వే తొక్కించు చెల్లెమ్మా" అన్నాడు. అందరి ముందూ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ పిల్ల తాళాల వంక చూస్తూ ఉండిపోయింది. "నాకు డ్రైవింగ్ రాదన్నయ్యగారూ" అంది, మెల్లిగా. పక్కనే ఉన్న వాళ్ళాయన నవ్వి, "దానికెందుకండీ శ్రమ, ఎక్కడికైనా నేను దింపుతాగా" అన్నాడు. ముహూర్తం దాటిపోతోందని పూజారిగారు తొందరపెట్టారు. తాళాలు నేను అందుకుని, ఎక్కి, నిమ్మకాయలు తొక్కించాను. అబద్ధమెందుకు, కడుపులో చల్లగా అనిపించింది. ఆ పిల్లకి రానిది, నాకొచ్చినది ఒకటుంది.

నాలుగు రోజులు పోయాక, నా గిన్నె తిరిగిచ్చే వంకతో వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "మా నాన్న ఇంజిన్ విప్పనిచ్చాడు గానీ స్టీరింగ్ పట్టుకోనివ్వలేదు వదినా. ఈయనేమో శ్రమంటాడు. మీరు నేర్పిస్తారా?" అంది. నాకున్నదే ఆ ఒక్కటీ, అది కూడా పట్టుకుపోతావా తల్లీ అనిపించింది. కానీ ఆ పిల్ల మొహం చూస్తే కాదనడానికి నోరు రాలేదు.

లర్నర్ పర్మిట్ తెచ్చుకుంది. శనివారాలు పిల్లల్ని మా ఆయనకి అప్పగించి, ఖాళీగా ఉన్న స్కూల్ పార్కింగ్‌లో మేమిద్దరం. మొదటిరోజు విజయవాడ అలవాటున కుడివైపు తలుపు తీసుకుని కూర్చుని, స్టీరింగ్ ఏదని వెతికింది. అంత హాయిగా నేను ఎప్పుడూ నవ్వలేదు. అద్దాలు చూసుకోమంటే చూసుకునేది, ఆగమంటే ఆగేది. నేను చెప్పినదానికి తలూపే మనిషి నాకూ దొరికింది. వీధులయ్యాయి, సిగ్నళ్ళయ్యాయి. ఒకరోజు హైవే ఎక్కుదామంది. నేను వద్దన్నాను. అసలు సంగతి, నాకు హైవే అంటే గుండెదడ. అన్ని ఊళ్ళకీ పక్కనున్న సర్వీస్ రోడ్డు మీదే వెళ్తాను. "హైవే ఎందుకు? మరీ దూరమైతే మా ఆయన దింపుతాడుగా" అన్నాను.

ఆ పిల్ల బండి పక్కకి ఆపింది. "మీరు కూడా మా ఆయనలాగే అంటున్నారు వదినా" అంది. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

నాకేమైందో, "ఎక్కు" అన్నాను. హైవేలోకి ఎక్కే ర్యాంప్ మీద నేను పైనున్న పిడి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. బండి ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుని, తర్వాత నిమ్మళించింది. కళ్ళు తెరిచేసరికి అందరితోపాటు పోతున్నాం. ఆ పిల్ల ఏడుస్తోంది, కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. "ఇంజిన్ ఎంత హాయిగా ఉందో విన్నారా వదినా?" అంది. నాకేం వినిపించలేదు, నా గుండె చప్పుడు తప్ప.

ఆ పిల్లకి లైసెన్సొచ్చాక వాళ్ళాయన ఉద్యోగం మారి వాళ్ళు బెంటన్‌విల్ వెళ్ళిపోయారు, మేమూ అపార్ట్‌మెంట్ వదిలి ఈ ఇంటికొచ్చాం. మా ఆయన ఇప్పుడే లోపలికొచ్చి, చెల్లెమ్మ బయల్దేరిందని చెప్పాడు. ఫోన్‌లో విన్నది చాలదట, చెయ్యి పెట్టి చూడాలట. వాళ్ళాయనకి ఆఫీసుందట, ఒక్కతే వస్తోందట. వదినని గోంగూర చెయ్యమందట. "ఎందుకూ?" అని ఈయన అడగలేదు, ఫ్రిజ్‌లోంచి కట్ట తీసి నా ముందు పెట్టాడు. బీరువాలో నేను కట్టుకుందామని దాచుకున్న చీర ఒకటుంది, ఈసారి అది పెడతాను. పెట్టి, రేపంతా ఏడుస్తాను. కాలం అందరినీ ఒకే వేగంతో తీసుకెళ్తుందంటే నేను నమ్మను. నా పక్కన కూర్చుని నేర్చుకున్న పిల్ల మధ్యలో ఉన్న ఓక్లహోమా రాష్ట్రం మొత్తం ఒంటరిగా దాటుకుని వస్తోంది, నేనింకా సర్వీస్ రోడ్డు మీదే ఉన్నాను.