కింది మడతబందు

తలుపుల కార్ఖానాలో అతన్ని అందరూ మేస్త్రీ అనేవారు. పేరు పెట్టి పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే, అదీ తప్పుగా. మేస్త్రి బిగించిన తలుపు వేలితో తోస్తే కదలాలి, వదిలితే అక్కడే ఆగాలి. ఆగకపోతే మళ్లీ విప్పేవాడు.

"చాల్లే మేస్త్రీ, కొనేవాడికి కనబడదులే" అని తోటివాళ్లు వేళాకోళం చేస్తే, "నాకు కనబడుతోందిగా" అనేవాడు.

ఒకరోజు చెక్క పలకల దొంతర జారి అతని కుడి భుజం మీద పడింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవలేదు. "బరువెత్తావంటే ఈ చెయ్యి మీద ఆశ వదులుకో" అంది పెద్దాసుపత్రి డాక్టరమ్మ. బీమా ఆఫీసు పంపిన డాక్టరు మాత్రం చేతిని అటూ ఇటూ ఆడించి, తేలిక పని చేయగలడని రాసి పడేశాడు. దాంతో అనారోగ్య భత్యం ఇవ్వబోమన్నారు.

"తేలిక పనా? మన దగ్గర అలాంటిదేమీ లేదు" అన్నాడు సూపర్‌వైజరు. "తలుపులెత్తి బిగించలేవు కాబట్టి పలకలు మొయ్యి. రాకపోతే నీ పేరు కొట్టేస్తా."

ఇక మిగిలింది అప్పీలు. అది గెలిస్తే భుజం కుదుటపడేదాకా భత్యం మీద ఇంట్లో ఉండొచ్చు. ఓడితే మర్నాడే పలకల దగ్గర నిలబడాలి.

విచారణకి బావమరిది తోడొచ్చాడు. కరెంటు పనివాడు, నోరు ఊరుకోదు.

"బావా, లోపల కాస్త ఏడుపు మొహం పెట్టు. నువ్వు కూర్చుంటే ఆఫీసు కొనడానికొచ్చినట్టుంది."

"నా మొహం ఇంతేరా."

"అది పెళ్లినాడే చూశాం. ఈ ఒక్క పూటకీ మార్చు."

వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా అప్పీలు వినే అధికారి గది. దాని తలుపు సరిగా పడటం లేదు. వచ్చినవాడల్లా విసిరి కొడుతున్నాడు. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా మేస్త్రి ఉలిక్కిపడుతున్నాడు. కింది మడతబందులో ఒక స్క్రూ పట్టు వదిలి తల బయటికి పెట్టింది, అదే అడ్డు. కూర్చున్న చోటి నుంచే అతనికి తెలిసిపోయింది.

అధికారి భోజనానికి వెళ్లాడు. బావమరిది అగ్గిపెట్టె బెంచీ మీద మరిచి టీ కోసం వెళ్లాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. మేస్త్రి కాసేపు కళ్లు మూసుకున్నాడు. లాభం లేకపోయింది. లేచి వెళ్లి నేల మీద చతికిలబడి, స్క్రూ ఊడదీసి, ఆ కన్నంలో అగ్గిపుల్ల ముక్కలు కుక్కి, నాణెం అంచుతో మళ్లీ బిగించాడు. అంతా ఎడమ చేత్తోనే. కుడి చెయ్యి ఒళ్లో పడుకుంది. తలుపు వేలితో తోశాడు. మెత్తగా వెళ్లి చౌకట్టులో ఒదిగింది.

"ఎవరయ్యా ఇది బాగుచేసింది?"

వెనకాల అధికారి నిలబడి ఉన్నాడు. మేస్త్రి మొహం విప్పారింది. దెబ్బ తగిలాక అతని పని గురించి అడిగిన మొదటి మనిషి.

"నేనేనండి. ఎన్నాళ్లనించో స్క్రూ వదులైపోయింది, ఎవరూ చూసుకోలేదు."

"నీ పేరే ఉంది కదూ ఇవాళ్టి విచారణలో?"

అప్పుడు తెలిసొచ్చింది. మేస్త్రి నాణేన్ని గుప్పిట్లో దాచుకున్నాడు.

లోపల విచారణలో, డాక్టరమ్మ ఇచ్చిన చీటీని అధికారి చేత్తో పక్కకి నెట్టేశాడు.

"తలుపు నువ్వే బాగుచేశావు కదా?"

"ఎడమ చేత్తోనండి. కింద కూర్చుని."

"అలా కూర్చునే పని చేసుకో."

"అక్కడ పలకలు మొయ్యమంటున్నారండి."

"అది నీకూ వాళ్లకీ ఉన్న గొడవ. పని చేయగలవా లేదా అన్నదే నాకు కావాలి. నా కళ్లతో చూశాను."

పక్కన నిలబడ్డ బావమరిదికి ఒళ్లు మండింది. "ఎడం చేత్తో అన్నం కలుపుకుంటే, కుడిచెయ్యి బాగున్నట్టేనా సార్?"

"నువ్వు బయట ఉండు."

అధికారి అప్పీలు కొట్టివేస్తున్నట్టు రాసి సంతకం చేశాడు. కాగితం చేతికిస్తూ కాస్త మెత్తబడ్డాడు కూడా.

"మంచి పనివాడివయ్యా. వెళ్తూ వెళ్తూ ఆ పై గడియ కూడా చూసిపో. గాలికి దానంతటదే జారుతోంది."

మేస్త్రి తల ఎత్తి గడియ వంక చూశాడు. అలవాటుకొద్దీ కుడి చెయ్యే లేచింది. రొమ్ము దగ్గర ఆగిపోయింది. పళ్లు బిగించి ఇంకాస్త లేపబోయాడు. నుదుటి మీద చెమట బొట్లు పుట్టాయి.

"అందదండి" అన్నాడు.

ఆగిపోయిన ఆ చేతిని అధికారి చూశాడు. బాగానే చూశాడు. తర్వాత కలానికి మూత పెట్టాడు.

"పోనీలే. రేపు ఎవరినైనా పిలిపిస్తాను."

మర్నాడు పలకల దగ్గర మేస్త్రికి ఒకణ్ని జతకట్టారు. అతని చేత పని నేర్చుకున్నవాడే. చెరో చివరా పట్టుకుని మోయాలి. మేస్త్రి వైపు పలక ఊరికే వాలిపోతోంది. కాసేపు ఓర్చుకుని, వాడు సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాడు.

"వీడితో నా వల్ల కాదు సార్. నా పని కూడా వెనకబడుతోంది."

సూపర్‌వైజరు వాణ్ని వేరే జతలో వేశాడు. పొద్దుపోయేదాకా మేస్త్రి ఒక్కడే మోశాడు, ఎడమ భుజం మీద.