ఆదివారం కాగితం టీచర్ గారు

...నిన్న ఈ మాట దాకా వచ్చి రాయలేక ఆగిపోయాను. ఇవాళైనా చెప్పాలి. మా ఎదురింటి టీచర్ గారు మంగళవారం పొద్దున చనిపోయారు. బస్టాండ్ పక్కన జిరాక్స్ షాపు గోడ మీద ప్రతి ఆదివారం మీరు నిలబడి చదివే కాగితం ఆవిడదే.

రిటైరయ్యాక, ఎక్కడెక్కడివాళ్ళో పిట్టల గురించి, పురుగుల గురించి, చుక్కల గురించి ఇంగ్లీషు బ్లాగుల్లో రాసుకున్నవి వెతికేవారు. వారానికి నాలుగు ఏరి, ఒక్కోదాని సంగతీ తేలిక తెలుగులో చెప్పేవారు. కంటిచూపు తగ్గాక ఏడాదిగా ఆ ఇంగ్లీషు చదివి వినిపించిందీ, ఆవిడ చెబుతుంటే రాసిందీ నేను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా నాన్నది పురుగుమందుల షాపు.

"ముందు ఎవరు చూశారో రాయి. ఏం చూశారో తర్వాత," అనేవారు. మన చేల మీద తిరిగే తూనీగల్లో ఒక రకం సముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతుందని చదివి వినిపించిన రోజు ఆవిడ రెండు వేళ్ళ మధ్య కొలత చూపించి, "ఇంత రెక్కతోనా!" అన్నారు.

ఎర్ర రెక్కల మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు, దాని పిల్ల గురించి చదివినప్పుడు, "ఈ పాఠం నేనే చెప్పా. ఎప్పుడూ చూడలా. పద," అని ఆటో ఎక్కించారు. పెదకాకాని దగ్గర ఒక పత్తి చేలో ఆకు తిరగేసి భూతద్దం నా చేతికిచ్చారు. నల్లగా, ముళ్ళతో, చిన్న మొసలిలా ఉంది. ఆకు రసం పీల్చే పేనుబంక పురుగుల్ని ఒక్కొక్కటే పట్టి తింటోంది. ఊపిరి వదిలితే ఎక్కడ ఆపేస్తుందోనని బిగబట్టుకుని చూశాను. దీన్నే మనవాళ్ళు చెడ్డ పురుగనుకుని మందు కొట్టేస్తారు.

అది రాసిన మర్నాడు క్యారేజీ ఇవ్వడానికి షాపుకి వెళ్ళాను. ఒక రైతు నాన్నని నిలదీస్తున్నాడు.

"ఏవయ్యా, అది మంచి పురుగంట గదా. మరి నాకు మందెందుకు అంటగట్టావ్?"

"ఆ గోడ కాగితం రాసినోణ్ణి పిలు. వాణ్ణే నీ చేలో కాపలా పెడదాం!"

అందరూ నవ్వారు. క్యారేజీ బల్ల మీద పెట్టేసి బయటికొచ్చేశాను.

"ఇంక పురుగులొద్దండీ, పిట్టల గురించే రాద్దాం," అని ఏడ్చాను టీచర్ గారి దగ్గర.

"భయపడు, తప్పేం లేదు. భయపడుతూ రాసినా అక్షరాలు కనపడతాయిగా. మీ నాన్న అడిగితే నేనే రాశానని చెప్తాలే."

ఇప్పుడు అలా చెప్పే మనిషి లేరు. ఈ వారానికి ఆవిడ ఏరిపెట్టినవి నా దగ్గరే ఉన్నాయి. ఆవిడ పోయాక కూడా కాగితం వస్తే రాసేదెవరని నాన్న ఆరా తీస్తాడు. రాకపోతే మీరు ఖాళీ గోడ చూసి వెళ్ళిపోతారు. కాగితం సగం రాశాను. మిగతా సగానికి...

తలుపు కొడుతున్నారు. నాన్న.

"అమ్మాయ్, చదువుకుంటున్నావా? ఓసారి తలుపు తియ్యి. షాపుకెవరో మిరపాకు పట్టుకొచ్చారు. దీని మీద గుడ్లు చూడు, వెంట్రుక లాంటి కాడల చివర నిలబడి ఉన్నాయ్! ఇన్నేళ్ళలో ఇట్టాంటిది చూళ్ళేదే. ఏ పురుగువో నీకేమన్నా తెలుసా?"

కాగితాలు పరుపు కిందికి తోసేస్తున్నాను. తలుపు కింద సందులో నాన్న కాళ్ళు కనపడుతున్నాయి. అస్సలు కదలడం లేదు, ఆకు మీదవి రాలిపోతాయన్నట్టు.