రెండో జమానతు

సుచిత్ర చౌరస్తాలో తోపుడుబండి మీది ద్రాక్షగుత్తుల పులిసిన తీపివాసన తగిలితే, ఇప్పుడు ప్లాట్లయిపోయిన తూంకుంట దిక్కు తోటలు, ఇనుపతీగల పందిళ్ల కింద చల్లని నీడ, ఆకుల మీద మైలుతుత్తం నీలిపూత, రాలిన పండ్లను లంగా ఒడిలో ఏరుకుంటూ తిరిగిన ఇద్దరు ఆడపిల్లలు, హసీనా, నేను, వరుసగా కళ్లముందు నిలుస్తారు. హసీనా తండ్రి జాన్‌మియా మామ ఆ తోటలో తీగలు కత్తిరించేవాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా, రంజాన్ ఉపవాసాల్లో ఒక మంగళవారం, మోటారు ఆపే విషయంలో మాట పెరిగి తోట యజమాని కొడుకూ మామా కలబడ్డారు. ఇద్దరికీ రక్తం కారింది, ఇద్దరి మీదా ఒకే కేసు రాశారు. ఒక్కొక్కరికి ఇద్దరు రైతులు భూమి పాసుబుక్కులు చూపి జమానతు పడితేనే విడుదల. యజమాని కొడుకు మరునాడు మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాడు. మామకు ఒక రైతే దొరికాడు. జైలుకు పంపారు.

హసీనా తల్లి బీబీ అత్త మా గడపలో నిలబడింది.

"అన్నా, నీ పాసుబుక్కు ఒక్కపూట ఇయ్యి. పండుగకన్న ఇంటికొస్తడు."

"బుక్కు బ్యాంకుల ఉన్నది చెల్లె. ఉంటె ఇయ్యనా?" అన్నాడు బాపు.

బుక్కు సందూక పెట్టెలో, బాపు తల్లి అవ్వ పట్టుచీర మడతలో ఉంది. బడి సర్టిఫికెట్టు కోసం తీసి, తిరిగి అక్కడ పెట్టింది నేనే. అత్త వీధి మలుపు తిరిగాక అవ్వే అంది:

"బ్యాంకుకు ఎప్పుడు వాయెరా గది? నా చీర గట్టుకొని వాయెనా?"

"మన మడికి తోటోళ్ల బాయినీళ్లే గదా. రేపు బందువెడితె నువ్వు తోడి పోస్తవా అవ్వా?"

మామ జైల్లో ఉన్నన్నాళ్లూ లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో రోజుకొక గీత గీశాను. రోజులు రాసుకునే నా అలవాటు అక్కడే మొదలైంది. పన్నెండో గీతనాడు పండుగ. నేతిలో వేగిన సేమియా, ఖర్జూరం, సారపప్పు చిక్కటి పాలలో కలిపి ఏటా అత్త పంపే ఖుర్మా ఆ ఏడూ వచ్చింది.

"పాలు తక్కువైనయంట, ఏమనుకోకున్రి," అంటూ హసీనా గిన్నె బాపు చేతికిచ్చింది. బాపు తలెత్తకుండా చివరిదాకా తిన్నాడు.

పందొమ్మిదో గీతనాడు దూరపు ఊరి రైతెవరో బుక్కు తెస్తే మామ బయటికొచ్చాడు. వచ్చిన సాయంత్రమే మా అరుగు మీద కూచున్నాడు.

"నీ బుక్కు బ్యాంకుల ఇరికితె నువ్వేం జేస్తవ్ బావా? పరేషాన్ గాకు," అని బాపునే ఓదార్చాడు.

రెండేళ్లకు కోర్టు కేసు కొట్టేసింది. తీర్పు కాగితంలో ఇద్దరి శిక్షా సమానమే, సున్నా. నా నోటుబుక్కులో ఒకరికి ఒక రాత్రి, మరొకరికి పందొమ్మిది రోజులు.

ఇప్పుడు పందిళ్లు లేవు, ఆ బావిని పూడ్చి పైన రోడ్డు వేశారు. అవ్వ, బాపు, మామ, అత్త ఎవరూ లేరు. హసీనా తుర్కపల్లిలో ఒక ల్యాబు క్యాంటీనులో పనిచేస్తోంది. మొన్న శామీర్‌పేట అంగడిలో కలిసి, నా చేయి పట్టుకుంది.

"మీ బాపు మస్తు మంచోడుండె. మా అబ్బా పోయేదాంక యాదిజేసిండు."

"ఔను," అన్నాను.

హసీనా కలిసిన ఆనాటి నా డైరీ పేజీలో తేదీ ఒక్కటే ఉంది.